ఓనరు గారి నాన్న

మార్చి 2

ఈ డైరీ ఫైనాన్సు కంపెనీ వాళ్లు ఉచితంగా ఇచ్చారు. ఇరవై ఎనిమిది లక్షల అప్పుకి ఒక డైరీ, ఒక తాళాల గుత్తి. ఎంత పెద్ద మనసు! ఇంకో రెండు లక్షలు అప్పు చేసి ఉంటే పెన్ను కూడా ఇచ్చేవాళ్లేమో.

మా అమ్మాయి లారీ కొంది.

మళ్లీ రాస్తాను, చేతికి హాయిగా ఉంది. మా అమ్మాయి లారీ కొంది. పదకొండేళ్లు కంపెనీ లారీ నడిపింది, నెల జీతానికి. కూడబెట్టిన ఆరు లక్షలు ముందు కట్టి, మిగతాది అప్పు తీసుకుని, పది చక్రాల బండి ఇంటి ముందుకు తెచ్చి ఆపింది. వీధి సగం నిండిపోయింది. మిగతా సగం నేను నిండిపోయాను.

తలుపు మీద దాని పేరు, కింద "ఓనర్" అని రాయించాను. పెయింటరు నసిగాడు. "పేరుంటే ఓనరనే కదా పెద్దాయనా, మళ్లీ విడిగా ఎందుకు?" అన్నాడు. "అక్షరానికింత అని తీసుకుంటున్నావు, నీకేం నొప్పి?" అన్నాను. రాశాడు.

మా బావమరిది వచ్చాడు. సిమెంటు, ఇనుము కొట్టు వాడిది. నెలకి ఇరవై లక్షల వ్యాపారమని వాడే చెబుతాడు, అడక్కుండానే. బండి చుట్టూ తిరిగి టైరుని ఒక తన్ను తన్నాడు. లారీ కనబడితే చాలు, ప్రతి మగాడూ టైరుని తంతాడెందుకో. అది తిరిగి తన్నదన్న ధైర్యం కాబోలు.

"బాగుంది బావా. నెలకి ఎంత మిగులుతుందేంటి?" అన్నాడు.

"నువ్వు లెక్కపెట్టలేనంత," అన్నాను. నాకూ తెలియదు. అయినా మాట తడుముకోలేదు. శభాష్.

మార్చి 3

ఇవాళ కూడా సంతోషంగానే ఉంది.

ఏప్రిల్ 4

మొదటి నెల కిరాయిలు మొత్తం మూడు లక్షల అరవై వేలు. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. మూడు లక్షల అరవై వేలు! లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేస్తే నా ఆఖరి జీతం పంతొమ్మిది వేలు. దాంట్లోంచి కూడా గొడుగు పోగొట్టానని నూట యాభై పట్టుకున్నారు, మహానుభావులు.

నేనేం తెలివితక్కువవాణ్ని కాను. ఖర్చులుంటాయని తెలుసు. డీజిలు లక్షా డెబ్భై రెండు, ఫైనాన్సు కిస్తీ డెబ్భై ఎనిమిది. తీసేస్తే లక్షా పది వేలు. నెలకి!

అడిగినవాళ్లందరికీ చెప్పాను. అడగనివాళ్లు పాపం మొహమాటపడుతున్నారని, వాళ్లకి కూడా నేనే వెళ్లి చెప్పాను. మంగలి, మందుల షాపువాడు, పైవాటాలో కొత్తగా దిగినవాళ్లు. బావమరిది కొట్టుకి పనిగట్టుకుని వెళ్లి మూడు కిలోల మేకులు కొన్నాను. మేకులతో నాకేం పని? లక్షా పది అని చెప్పడానికి ఏదో ఒకటి కొనాలిగా.

అమ్మాయి మధ్యాహ్నం వచ్చింది. "ఓనరుగారొచ్చారు!" అని గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. నవ్వింది. భోజనం చేస్తూ కంచం ముందే కునికిపాట్లు పడింది. మూడు గంటలుండి వెళ్లిపోయింది.

"పిల్ల చిక్కిపోయింది," అంది మా ఆవిడ.

"సన్నబడింది. ఆరోగ్యానికి మంచిది," అన్నాను.

మే 6

రెండో నెల కూడా అంతే. మూడు లక్షల అరవై దాటింది. నాకొక ఆలోచన వచ్చింది. ఎంత గొప్ప ఆలోచనంటే, రాసేముందు లేచి తలుపు గడియ వేసొచ్చాను.

ఒక లారీకి లక్షా పది అయితే, రెండు లారీలకి?

మే 8

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు తొమ్మిది లక్షలు బ్యాంకులో ఉంది. మేమిద్దరం బతికున్నన్నాళ్లూ అదే మాకు ఆధారం. కానీ అది అక్కడ పడుకుని చేసేదేముంది? వడ్డీ చూస్తే బ్యాంకువాడు జాలిపడి పడేసినట్టుంటుంది. దాన్ని తీసి రెండో లారీకి కడితే నెలకి ఇంకో లక్షా పది.

మా ఆవిడకి చెప్పాను.

"ఒక లారీకే పిల్ల మొహం కనబడటం లేదు. రెండోది కొని, పిల్ల ఫొటో గోడకి తగిలించుకుందామా?" అంది.

"రెండోదానికి డ్రైవర్ని పెడతాం. అమ్మాయి కూర్చుని పెత్తనం చేస్తుంది."

"అది కూర్చోవడం నేను చూడాలిగా ముందు."

ఆడవాళ్లకి వ్యాపారం తెలియదు అని రాయబోయాను. లారీ కొన్నది కూడా ఆడదే కనక కొట్టేస్తున్నాను.

మే 9

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "చూద్దాం నాన్నా," అంది.

మే 13

"చూద్దాం నాన్నా."

మే 20

"చూద్దాంలే నాన్నా, ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నాను."

వ్యాపారస్తుల మాట ఇలాగే ఉంటుంది. ఒక పట్టాన బయటపడరు.

మే 27

లారీల షోరూముకి వెళ్లాను, ఊరికే చూద్దామని. అక్కడ తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన నన్ను "సార్" అన్నాడు. నాకు ఊహ తెలిశాక నన్ను సార్ అన్నది ఇతనొక్కడే. చల్లని గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఈ నెలలో అడ్వాన్సు కట్టినవాళ్లకే పాత ధరట. జూన్ 30 లోపల మిగతాది కట్టాలిట. నలభై వేలు అడ్వాన్సు కట్టి వచ్చాను. వెనక్కి ఇవ్వరని రసీదు మీద చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. ఇవ్వక్కర్లేదు, నేను అడిగేదేముంది!

ఇంట్లో ఇంకా చెప్పలేదు. అందరినీ ఆశ్చర్యపరుద్దామని.

జూన్ 4

అమ్మాయికి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. డాక్టరు వారం రోజులు స్టీరింగు ముట్టొద్దన్నాడు. బండి ఆగితే కిస్తీ ఆగదు కాబట్టి ఒక డ్రైవర్ని మాట్లాడి ఎనిమిది రోజుల ట్రిప్పుకి పంపింది. రోజుకి వెయ్యి, భోజనం విడిగా.

వారం రోజులు అమ్మాయి ఇంట్లోనే! వాళ్లమ్మ దాని భుజానికి కాపడం పెడుతోంది. నేను దాని చెవిలో రెండో లారీ గురించి పెడుతున్నాను.

జూన్ 12

డ్రైవరు బండి అప్పగించి ఎనిమిది వేలు లెక్కపెట్టి తీసుకున్నాడు. "అక్కా, మళ్లీ ఏమైనా ట్రిప్పులుంటే నాకే చెప్పు," అన్నాడు.

"నువ్వే నాకొకటి చూసిపెట్టు తమ్ముడూ," అంది మా అమ్మాయి.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఓనర్లు జోకేస్తే నవ్వాలి.

జూన్ 13

రేపు దానితో ట్రిప్పుకి వెళ్తున్నాను! భుజం ఇంకా పూర్తిగా తగ్గలేదు, పక్కన మనిషి ఉంటే మేలని వాళ్లమ్మ పట్టుబట్టింది. నేనైతే రెండో బండికి నేనే సూపర్వైజర్ని అవుతానని, పని నేర్చుకోవడానికి వెళ్తున్నాను. ఇస్త్రీ చొక్కాలు నాలుగు సర్దుకున్నాను.

జూన్ 14

ఎంత ఎత్తో! కార్లన్నీ కాళ్ల కింద చీమల్లా ఉన్నాయి. దారిపొడుగునా అందరికీ చెయ్యి ఊపాను. ఒక్క పోలీసు తిరిగి ఊపాడు. ఊపలేదు, ఆపమన్నాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా మూడు వందలు పుచ్చుకుని, "పెద్దాయన్ని జాగ్రత్తగా తీసుకెళ్లమ్మా" అన్నాడు. ఎంత శ్రద్ధ!

జూన్ 15, పొద్దున

ఫ్యాక్టరీ గేటు దగ్గర సరుకు దించడానికి ఆగాం. గేటు మనిషికి ఒక కుర్చీ, ఒక ఈల, ఒక రిజిస్టరు ఉన్నాయి. రాజ్యం ఏలడానికి ఇంతకన్నా ఏం కావాలి? "లోపల ఖాళీ లేదు, పిలుస్తాం," అన్నాడు.

జూన్ 15, సాయంత్రం

పిలవలేదు.

జూన్ 16

ఇరవై తొమ్మిది గంటల తర్వాత పిలిచారు. సరుకు దింపడానికి నలభై నిమిషాలు పట్టింది.

"ఇంతసేపు నిలబెట్టినందుకు హాల్టింగు డబ్బులు ఇవ్వరా?" అన్నాను.

"కాగితం మీద ఉంటుంది నాన్నా. అడిగితే, వచ్చేసారి వేరే బండి పిలుస్తారు."

బ్రోకరు ఫోన్ చేశాడు. నలభై ఆరు వేలకి మాట్లాడిన కిరాయి నలభై రెండే ఇస్తాడట. పార్టీ తగ్గించిందట. ఆ పార్టీని ఎవరూ ఎప్పుడూ చూడలేదుట. దేవుడి లాంటిది, తగ్గించడమే గానీ కనిపించడం ఉండదు. ఆ నలభై రెండులో తన కమిషను మాత్రం నలభై ఆరు మీద పట్టుకున్నాడు. నియమం తప్పని మనిషి.

తిరుగు లోడు పద్నాలుగు వేలకి దొరికింది. వెనక్కి రావడానికి డీజిలే పదిహేడు వేలవుతుంది.

"దీనికి ఎందుకు ఒప్పుకున్నావే?" అన్నాను.

"ఖాళీగా వెళ్తే పదిహేడు పోతాయి. దీంతో మూడే పోతాయి. ఇవాళ మనకి పద్నాలుగు వేలు లాభం నాన్నా, ఎవరికైనా ఫోన్ చేసి చెప్పు," అంది.

నా నోరే దానికొచ్చింది. పుట్టినప్పుడు కాళ్లు నావి అన్నారు, నోరు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫోన్ చెయ్యలేదు.

జూన్ 17

లోడు ఎత్తాక వేబ్రిడ్జి ఎక్కించారు. నేను ఉండబట్టలేక దిగి, అక్కడి కాటా మనిషి పక్కన నిలబడ్డాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ పనే చేశానన్నాను. కుర్చీ ఇచ్చి, "ఈ చీటీ మీరే రాయండి సార్," అన్నాడు. ఇతను రెండోవాడు, సార్ అన్నవాళ్లలో.

రాశాను. మొత్తం బరువు. దాని కింద ఖాళీ బండి బరువు. తీసేస్తే సరుకు బరువు.

నా ఉద్యోగమంతా ఇంతే. నిండు బండి తూచు, ఖాళీ బండి తూచు, తీసెయ్యి. మొదటి అంకె చూసి ఎగిరి గంతేసే వ్యాపారుల్ని చూసి ముప్ఫై ఒక్క ఏళ్లు నవ్వుకున్నాను. "అయ్యా, బండి బరువు కూడా అమ్ముకుంటారా?" అని వాళ్ల మొహం మీదే అనేవాణ్ని.

చీటీ అమ్మాయికి ఇచ్చి క్యాబిన్ ఎక్కాను. పది కిలోమీటర్లు మాట్లాడలేదు. నేను! పది కిలోమీటర్లు!

"ఒంట్లో బాలేదా నాన్నా?" అంది.

"మే నెల బిల్లులు ఎక్కడున్నాయి?" అన్నాను.

సీటు వెనక గుడ్డ సంచి ఉంది. పెట్రోలు బంకు వెనక చెట్టు నీడన బండి ఆపించి, క్యాబిన్లోనే సంచి బోర్లించాను. అది వద్దనలేదు. స్టీరింగు మీద తల ఆనించి చూస్తూ కూర్చుంది.

కిరాయిలు మూడు లక్షల అరవై. డీజిలు, కిస్తీ నాకు తెలిసినవే. రెండూ కలిపి రెండున్నర లక్షలు. టోలు ముప్ఫై నాలుగు వేలు. బ్రోకరు కమిషను పద్దెనిమిది. టైర్ల కోసం నెలకి పద్నాలుగు పక్కన పెట్టాలి. పెట్టకపోయినా టైరేం మొహమాటపడదు, పగిలినప్పుడు ఒక్కసారే అడుగుతుంది. ఆయిలు, రిపేర్లు పదకొండు. ఇన్సూరెన్సు నెల వాటా తొమ్మిది. దారిలో తిండికి ఏడు. పార్కింగు, కాటా, హమాలీలు, చెయ్యి ఊపే పోలీసులు అన్నీ కలిపి ఆరు.

మూడుసార్లు కూడి చూశాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. నేను కూడితే తప్పు పోదు, అదే నా దౌర్భాగ్యం.

పదకొండు వేలు.

"ఇందులో నీ జీతం ఎక్కడ రాశావు?" అన్నాను.

"అదే జీతం నాన్నా."

నెలలో ఇరవై ఆరు రోజులు రోడ్డు మీద ఉంది. ఎనిమిది రోజులు బండి తోలిన డ్రైవరు ఎనిమిది వేలు పట్టుకుపోయాడు. ఆ బండిలో డబ్బు మిగలనిది ఓనరు ఒక్కదానికే. కంపెనీలో ఉన్నప్పుడు నెల తిరిగేసరికి ఇరవై ఎనిమిది వేలు ఇంటికి తెచ్చేది, టైరు పగిలితే ఎవరో పెద్దమనిషి తల పట్టుకునేవాడు.

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

బండి అద్దం మీద దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్ము లేదు.

"చెబుదామనే వస్తాను ప్రతిసారీ. వీధి మలుపు తిరిగేటప్పుడు కూడా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉంటాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఓనరుగారొచ్చారు అని అరుస్తావు. నువ్వంత సంతోషంగా ఉండటం నేను పుట్టాక చూడలేదు నాన్నా. పోనీలే, ఇంకో నెల చూద్దాం అనుకునేదాన్ని."

ఇరవై ఎనిమిదిలోంచి పదకొండు తీసేస్తే పదిహేడు. నా సంతోషం కోసం నా కూతురు నెలకి పదిహేడు వేలు కడుతోంది. గుండె డాక్టరు కూడా అంత లాగడు.

"రెండో లారీకి నలభై వేలు అడ్వాన్సు కట్టేశాను," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది. భుజం నొప్పి పుట్టేదాకా నవ్వి, భుజం పట్టుకుని మళ్లీ నవ్వింది. చివర్లో ఏడ్చిందేమో తెలియదు. నేను బిల్లులు సంచిలో సర్దుతున్నాను. వరసలో పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"నీకేం చెయ్యాలనుంది?" అన్నాను.

"పాత కంపెనీ మేనేజరు మళ్లీ పిలుస్తున్నాడు. జీతం ముప్ఫై అంటున్నాడు. కావాలంటే బండి కూడా వాళ్లే తీసుకుంటారట, మిగిలిన అప్పుతో సహా. నీకేం చెప్పాలో తెలియక ఊరుకున్నాను."

"ఇప్పుడే ఫోన్ చెయ్యి," అన్నాను. "నేను ఇటు తిరిగి కూర్చుంటాను."

జూన్ 19

షోరూముకి వెళ్లాను. లారీ వద్దన్నాను. తెల్ల చొక్కా ఆయన "సార్" మానేసి "చూడండి" అన్నాడు. టీ రాలేదు. రసీదు మీద చీమ తలకాయ అక్షరాలు నాకు వేలితో చూపించాడు. ఆ అక్షరాలు అంత చిన్నవి ఎందుకో తెలిసింది. ఒక్కొక్కటి నాలుగైదు వందలు పలుకుతుంది, పెద్దగా అచ్చేస్తే కాగితం మోస్తుందా!

తొమ్మిది లక్షల్లో మిగతాది బ్యాంకులో పడుకునే ఉంది. పడుకోనీ.

మా ఆవిడకి అన్నీ చెప్పాను. నలభై వేలతో సహా.

"నాకు ఏప్రిల్లోనే తెలుసు," అంది.

"ఎలా?"

"దాని చెప్పు చూశాను. తెగిన చోట పిన్నీసు పెట్టుకుంది. లక్షా పది వేలు వచ్చేవాళ్లు పిన్నీసు పెట్టుకుంటారా?"

"మరి నాకు చెప్పొచ్చుగా!"

"మీరు వినే స్థితిలో ఉన్నారా? మేకులు కొంటూ తిరుగుతున్నారు."

జూన్ 21

అమ్మాయి తను సిగ్గుపడటం లేదంది. కానీ బండి వెళ్లిపోతే వీధిలో నలుగురూ నన్నేమంటారోనని దానికి బెంగ. ఆ బెంగతో ఇంకా సంతకం పెట్టలేదు, సోమవారం పెడతానంటోంది. ఈ సోమవారం కూడా "చూద్దాం నాన్నా" అయిపోతుందని నాకు భయం పట్టుకుంది.

అందుకని సోమవారం రాకముందే నేనే బయల్దేరాను. మంగలి, మందుల షాపువాడు, పైవాటావాళ్లు. లక్షా పది కాదు, పదకొండు అని చెప్పాను. ఎవడూ కుర్చీలోంచి పడిపోలేదు. అసలు మొదటిసారి చెప్పింది కూడా వాళ్లకి గుర్తులేదు. మంగలి అయితే, "మీ అబ్బాయికా?" అన్నాడు. మూడు నెలలు నేను ఎవరికి చెప్పినట్టు?

ఆఖరికి బావమరిది కొట్టు. కాళ్లు రెండుసార్లు వెనక్కి తిరిగాయి. లోపలికి వెళ్లి, నిలబడే చెప్పేశాను.

"లక్షా పది అన్నాను చూడు, అది తప్పు. పదకొండు వేలు. బండి అమ్మేస్తున్నాం. అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. ఊ, మొదలుపెట్టు."

వాడు మొదలుపెట్టలేదు. వీధిలోకి తొంగిచూసి, షట్టరు సగం కిందికి లాగాడు. కొడతాడేమో అనుకున్నాను.

"పద్నాలుగు బావా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏంటి పద్నాలుగు?"

"నాకు మిగిలేది. నెలకి."

"లక్షలా?"

"మెల్లగా! వేలు." చెమట తుడుచుకున్నాడు. "కొట్టు అద్దె, కూలీలు, అరువు తీసుకుని మొహం చాటేసేవాళ్లు... అక్కకి చెప్పకు."

"చెప్పను."

"నిజంగా పదకొండేనా?"

"నిజంగా."

మూడు వేలు ఎక్కువని వాడి మొహంలో చిన్న వెలుగు వచ్చింది. రానీ. ముప్ఫై ఏళ్లలో వాడికి నేనిచ్చిన మొదటి కానుక అది. ఇద్దరం సిమెంటు బస్తాల మీద కూర్చుని టీ తాగాం. మళ్లీ టైర్లు తన్నొద్దని చెప్పి వచ్చాను. మేకులు వెనక్కి తీసుకోనన్నాడు.

జూన్ 23

సంతకం పెట్టింది. ముందు కట్టిన ఆరు లక్షల్లో నాలుగు చేతికొచ్చాయి. రెండు పోయాయి. పదకొండేళ్లు కూడబెట్టినదాంట్లో నాలుగు నెలల్లో రెండు లక్షలు కరిగాయి. ఇక్కడ ఏదైనా ఎకసెక్కంగా రాద్దామని పది నిమిషాలు కూర్చున్నాను. రాలేదు.

జూలై 2

అదే బండి దానికే ఇచ్చారు నడపమని. జీతం ముప్ఫై. ఆదివారం సెలవు. ఇవాళ ఫోన్ చేసి, "నాన్నా, వెనక టైరు పగిలింది!" అంది. ఆ గొంతులో సంతోషం వర్ణించలేను. రోడ్డు పక్కన కూర్చుని వేరుశెనగలు తింటోందట. కంపెనీవాళ్లు టైరు పంపిస్తున్నారట. ఎంతైందో అడగలేదట, నన్నూ అడగొద్దంది.

జూలై 6, ఆదివారం

తొమ్మిదైంది. అమ్మాయి ఇంకా లేవలేదు.

పదైంది. పాల ప్యాకెట్లవాడి సైకిలు గంట మోగబోతుంటే గేటు దగ్గరికి పరుగెత్తి చేత్తో పట్టుకున్నాను. వాడు భయపడ్డాడు. పైవాటావాళ్లు మంచం జరుపుతున్నారు. పైకి వెళ్లి, చేతులు జోడించి, రేపు జరుపుకోండి అని బతిమాలాను. బావమరిది స్కూటర్ మీద వచ్చాడు. వాడి స్కూటరు ఇనుప కొట్టంత శబ్దం చేస్తుంది. మలుపు దగ్గరే ఆపించి, తోసుకు రమ్మన్నాను. తోసుకొచ్చాడు, నమ్మండి!

పదకొండున్నర. తలుపు సందులోంచి చూశాను. చెంప కింద చెయ్యి పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టే పడుకుంది. దాన్ని ఏ గేటు దగ్గరా ఎవడూ పిలవడం లేదు. నాకెంత ఆనందంగా ఉందంటే, ఎవరికైనా చెప్పాలని ఉంది. చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడితే అది లేస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండు కావస్తోంది. ఇంకా లేవలేదు, నా తల్లి! మా ఆవిడ వంటింట్లోంచి మునివేళ్ల మీద వచ్చింది. పెదవుల మీద వేలు వేసుకుంది. నా కలం గీసుకుంటున్న చప్పుడు లోపలికి వినబడుతోందట, ఆపమంటోంది.